తడ నుంచి ఒక కస్టమరు

నేను చేసే పని పేరు డిజిటల్ మార్కెటింగ్. తిరుపతి కొర్లగుంటలో, మిక్సీలు బాగుచేసే అంగడి మేడ మీద రెండు గదుల్లో చేస్తాను. ముందు గదిలో ఆఫీసు, వెనక గదిలో సంసారం. సంసారం అంటే ఇప్పుడు నేనూ, ఒక స్టవ్వూ. బోర్డు చూసి ఇప్పటిదాకా మెట్లెక్కిన వాళ్ళలో ముగ్గురు టీవీ బాగుచేయించుకోడానికి వచ్చారు. ఒకాయన ఆధార్ కార్డులో పుట్టినతేదీ ఎట్లా మార్చాలని అడిగాడు. చెప్పి పంపాను. ఈ మేడ మీద నేను చేసిన పనుల్లో గ్యారంటీగా ఫలితం వచ్చింది అదొక్కటే.

ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూసి నేర్చుకున్నాను. టైము కలిసొస్తుందని ఒకటిన్నర రెట్లు వేగంతో చూశాను. అందుకే నాకు తెలిసిందంతా కొంచెం తొందరగా తెలుసు.

నా భార్య లోకేశ్వరి పసిపిల్లల జుబ్బాలు కుట్టేది. నగరి మెత్తటి నూలు గుడ్డ. గుండీలు ఉండవు, వీపుకి ఒత్తుకుంటాయని. పక్కన ముడేసే నాడాలు ఉంటాయి. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఇంకోసారి చెప్పను. ఆ జుబ్బాలకి నేనొక వెబ్‌సైటు కట్టాను, ఆన్‌లైన్లో ప్రకటనలు పెట్టాను.

నిరుడు కార్తీకంలో వాయుగుండం పట్టిన రోజు, తడలో ఒక ఆసుపత్రికి జుబ్బాల మూట ఇచ్చి, సత్యవేడు మీదుగా ఇంటికొస్తూ, పారుతున్న వంకని ఆటోలో దాటబోయింది. ఆటో నడిపిన మునెయ్య తుమ్మచెట్టు పట్టుకుని బతికాడు. లోకేశ్వరి రెండో రోజు దొరికింది. ఆమె ఫోను దొరకలేదు.

ఏడాదిగా, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేను ఒకే మాట చెబుతూ వచ్చాను. "నన్నొక్క మాట అడిగుంటే వద్దనుండేవాణ్ణి." ఆ మాట మీదే నిలబడి ఉన్నాను. ఇంత అన్నం తిని పడుకుంటున్నానంటే ఆ మాట చలవే.

పోలీస్ స్టేషన్ బయట మునెయ్య ఇంకో మాట చెప్పాడు. "నేను ఆగుదామనే అన్నానన్నా. ఆయమ్మే ఫోన్ జూసుకోని, మా ఆయన సరే అన్నాడు, పోనీ అనింది."

అందరి ముందూ వాడి చొక్కా పట్టుకున్నాను. అబద్ధాలకోరన్నాను. ఆ రోజంతా ఒక కాలేజీ హాల్లో నాకు క్లాసు. ఫోను ఆపేసుకున్నాను. తర్వాత ఆన్ చేసి చూస్తే ఒక్క మెసేజీ లేదు. నేనెవరికీ సరే అనలేదు.

ఈ ఏడు వానాకాలంలో లోకేశ్వరి చెల్లెలు రూపశ్రీ, పుత్తూరులో ఉంటుంది, అక్క మిషను మీద మళ్ళీ జుబ్బాలు కుట్టడం మొదలుపెట్టింది. సైటు తెరవమంది. తెరిచాను. ప్రకటనలు పెట్టమంది. పెట్టాను. పది రోజులకి మూట ఒకటి చంకన పెట్టుకుని మేడెక్కింది.

"బావా, ప్రకటన నొక్కినోళ్ళు నలభైమంది అంటాండాది. మన సైటుకొచ్చినోళ్ళు ముప్పైతొమ్మిది అంటాండాది. ఆ ఒకరు యాడికి పోయినారు?"

"దోవలో కాఫీకి నిలబడుంటారు."

"నిన్న ఇరవైరెండుకి ఇరవైఒకటి. మొన్న పదిహేడుకి పదహారు. రోజూ సరిగ్గా ఒకరే నిలబడతారా కాఫీకి? నీది వీడియోల చదువైనా నాది కాదు బావా. ఇంటర్లో నాకు లెక్కల్లో ఫస్టు."

నిజమే. పదీ ఇరవై తేడా వస్తే ఏదో పొరపాటు అనుకోవచ్చు. రోజూ ఒక్కటే తేడా అంటే, అది పొరపాటులా ఉండదు. మనిషిలా ఉంటుంది.

తెలియనివాళ్ళకి చెబుతాను. బస్టాండులో యాత్రికుల్ని పట్టుకొచ్చే మనిషి, 'మీ లాడ్జికి నలభైమందిని పంపినా' అంటాడు. లాడ్జి రిజిస్టరులో ముప్పైతొమ్మిది పేర్లుంటాయి. ఆ మనిషిని పిలిచి, రిజిస్టరు పక్కన కూర్చోబెట్టి, ఎవరిని ఎన్నింటికి పంపాడో ఒక్కొక్కరినీ చూపించమనాలి. ప్రకటనల అకౌంటుని వెబ్‌సైటు లెక్కలతో జోడించడమంటే అంతే. అప్పుడు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరు గుమ్మం దాకా వచ్చి కనబడకుండా పోయారో తెలుస్తుంది. నిరుడు ఆ కాలేజీ హాల్లో అరవైమందికి నేను నేర్పింది ఇదే. మా సైటుకి మాత్రం చెయ్యలేదు.

"రేపు చేస్తా" అన్నాను.

"నీ రేపులన్నీ మా అక్క మూటగట్టి పెట్టుంటే ఇల్లు పట్టేది కాదు. ఈ పొద్దే చెయ్యి" అని, మూట అక్కడే పెట్టి బస్సుకి పోయింది.

అది మంగళవారం. మధ్యాహ్నం మూడున్నరకే వీధి చీకటి పడింది. సముద్రంలో మళ్ళీ వాయుగుండం. వాన ఇంకా రాలేదు గానీ గాలి ఆగిపోయింది. కింద ధనంజయ మిక్సీ తిప్పి చూస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి అదీ ఆగింది. కిటికీ మూద్దామని లేచాను. అప్పుడు వచ్చింది వాసన. పాచి పట్టిన నీళ్ళ వాసన, తడిసి ఆరని నూలుగుడ్డ వాసన. రూపశ్రీ మూట తడిసిందేమోనని తాకి చూశాను. పొడిగానే ఉంది.

కూర్చుని రెండు అకౌంట్లూ జోడించాను. నేననుకున్నంత కష్టమేం కాదు. నాలుగు నొక్కుళ్ళు. ఏడాది క్రితం చేసుంటే కూడా నాలుగే.

తప్పిపోయిన ఆ ఒక్కరూ వరసగా కనబడ్డారు. పది రోజులు, పది వరసలు. ప్రతిరోజూ సాయంత్రం నాలుగూ ఇరవైకి. ప్రతిరోజూ ఒకే ఫోను. ఊరు, తడ. లెక్కలోకి ఎందుకు రాలేదో చెప్పే గడిలో నేనే పెట్టిన పేరు ఉంది.

ఇంటోళ్ళు.

ఆ పేరు గురించి చెప్పాలి. లోకేశ్వరి రోజూ తన ఫోన్లో 'పసిపిల్లల జుబ్బాలు' అని వెతికి, మా ప్రకటన పైన వస్తోందో లేదో చూసి, వస్తే సంతోషంతో నొక్కేది. అట్లా నొక్కకూడదు, లెక్క చెడుతుంది అని నేను. "మన అంగడికి మనం పోగూడదా?" అని ఆమె. దానికి తోడు ఇంకొకటుంది. అలిగితే ఆమె నాతో నోటితో మాట్లాడదు, ఫోన్లో మాట్లాడదు. సైటులో కస్టమర్లు రాసే చోట రాసేది. పేరు అన్న చోట 'ఒక కస్టమరు'. విషయం అన్న చోట 'మీ ఓనరు భోజనానికి వస్తాడా, పిల్లికి పెట్టేయాల్నా?' కస్టమరు రాస్తే నా కంప్యూటర్లో గుడిగంట మోగేలా పెట్టుకున్నాను. పెద్దమనుషుల ముందు కూర్చుని ఉంటే గంట మోగేది, తెర మీద పిల్లి వచ్చేది.

నిరుడు ఆ రోజు పొద్దున దాని మీదే గొడవ. క్లాసుకి పోయేముందు, కోపంగా, ఆమెకి చెప్పకుండా రెండు పనులు చేశాను. ఆమె ఫోనుకి 'ఇంటోళ్ళు' అని పేరు పెట్టి, అందులోంచి వచ్చేదేదీ లెక్కలోకి రాకుండా, గంట మోగకుండా, పక్కన ఒక సంచిలో పడేలా వడపోత పెట్టాను. రెండోది, కస్టమర్లకి సైటు తనంతట తాను పంపే జవాబు మార్చాను. అంతకుముందు 'మీ సందేశం అందినది' అని ఉండేది. అది మిషను మాట అని లోకేశ్వరికీ తెలుసు. జవాబు మనిషి పలికినట్టుండాలని ఒక వీడియోలో చెప్పారు. 'సరేనండీ, అట్లే కానిద్దాం' అని రాసి, కింద నా పేరు పెట్టాను. బాగుందనుకున్నాను కూడా.

ఆ సంచి నేను ఎప్పుడూ తెరవలేదు. తెరిచాను.

నిరుటివి మూడున్నాయి.

పొద్దున తొమ్మిదీ నలభై. "మీ ఓనరు అన్నం క్యారియర్ ఇంట్లోనే పెట్టేసి పోయినాడు. కోపం మాత్రం మరిచిపోకుండా పట్టుకపోయినాడు."

దాని కింద: సరేనండీ, అట్లే కానిద్దాం. — మునిచంద్ర.

మధ్యాహ్నం రెండూ యాభైఐదు. "జుబ్బాలు ఇచ్చేసినా. నర్సమ్మలు ముద్దుగుండాయన్నారు. తడలో వాన దంచతాండాది, బస్సుల్లేవు. మీ ఓనరు పొద్దున జవాబిచ్చినాడు గదా, అలక తీరిపోయిందని చెప్పండి."

సరేనండీ, అట్లే కానిద్దాం. — మునిచంద్ర.

నాలుగూ ఇరవై. "వంక కాడ ఉండాం. నీళ్ళు పారతాండాయి. ఆటో ఆయన ఆగుదామంటాడు. నాకేమో పొద్దుగూకేలోపల ఇల్లు చేరాలనుండాది. ఓనరుని అడగండి. దాటేదా?"

సరేనండీ, అట్లే కానిద్దాం. — మునిచంద్ర.

గంట ఆపాను. జవాబు ఆపలేదు. ఆ రెండూ వేరువేరు చోట్ల ఉంటాయని నాకు తెలీదు. ఒకటిన్నర రెట్లు వేగంతో చూసినవాడికి ఎట్లా తెలుస్తుంది? ఆ టైముకి నేను హాల్లో, మైకు పట్టుకుని, 'మన దగ్గరికి ఎవరొస్తున్నారో తెలియకపోతే ఈ వ్యాపారమెందుకు' అని అడుగుతున్నాను. చప్పట్లు కొట్టారు.

మునెయ్య చొక్కాకి గుండీలు లేవు ఆ రోజు. నా చేతిలో చిరిగింది.

ఏడవలేదు. ఏడుపు రాలేదు. చేతులు వాటంతట అవే పనిచేశాయి. మొదట ఆ జవాబు తుడిచేశాను. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను, లేదు. తర్వాత 'ఇంటోళ్ళు' వడపోత తీసేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా లెక్కలోకి వస్తారు. గంట మోగుతుంది.

తెర మూలన టైము చూశాను. నాలుగూ పద్దెనిమిది.

వాన మొదలైంది. రేకుల మీద ముందు నాలుగు చినుకులు, తర్వాత ఒక్కసారిగా. కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ వెలుగు ఒక్కటే గదిలో. పాచి నీళ్ళ వాసన పెరిగింది...

నాలుగూ పంతొమ్మిది.

ఇప్పుడు సైటులో ఉన్నవాళ్ళు: సున్న.

నాలుగూ ఇరవై.

ఒకటి.

ఊరు, తడ.

గంట మోగింది.

ఏడాదిగా మోగని గంట. నా వెన్ను మీద మోగినట్టుంది. తెర మీద పేరు పడింది. ఒక కస్టమరు.

"వంక కాడ ఉండా. ఓనరుని అడగండి. దాటేదా?"

ఆమె సిమ్ము నేనే పోయి తీయించేశాను. ఆమె ఫోను ఏ ఇసుకలో ఉందో దేవుడికే తెలుసు. ఇవన్నీ తర్వాత గుర్తొచ్చాయి. అప్పుడు గుర్తున్నది ఒకటే. అడుగుతోంది. ఈసారి నేను ఉన్నాను.

'వద్దు' అని కొట్టాను. రెండుసార్లు తప్పు పడింది. 'వద్దు. దాటొద్దు. ఆడే ఉండు. నేనొస్తా.'

పంపాను.

రేకుల మీద వాన... ఇంకేం లేదు. చాలాసేపు. ఆ తర్వాత గంట, మెల్లగా.

"సరే. ఈడే ఉండా."

ఒకటి పోయి సున్న అయింది.

ఇప్పుడు మీరు అడుగుతారు. వెంటనే బయల్దేరావా? కథల్లో అయితే బయల్దేరతారు. నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. వాన అనుకున్నాను. సత్యవేడు బస్సులుండవనుకున్నాను. నిజం చెబుతున్నాను, భయమేసింది. ఆ వంక దగ్గరికి పోతే ఆమె లేకపోతే ఎట్లా అని సగం భయం. ఉంటే ఎట్లా అని సగం.

బుధవారం నాలుగూ ఇరవైకి గంట మోగింది.

"ఈడే ఉండా. బయల్దేరినావా?"

కస్టమరు పోయింది. అలక పోయింది. నువ్వు అంటోంది.

'రేపొస్తా' అని కొట్టాను. బతికుండగా ఏం చెప్పేవాణ్ణో అదే.

గురువారం పొద్దున రూపశ్రీ ఫోను చేసింది. గొంతులో వెలుగు.

"బావా, నిన్న ముప్పైఒకటికి ముప్పైఒకటి. లెక్క సరిపోయింది. నువ్వు పనోడివే. ఇంతకీ ఎవరు బావా ఆ ఒకరు?"

"మనింటోళ్ళే."

"మనింటోళ్ళు యాడుండారు, నువ్వూ నేను తప్ప?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "ఏమైంది బావా? గొంతు అట్లుండాది. అన్నం తిన్నావా?"

తిన్నానని చెప్పాను.

ఆ సాయంత్రం గంట ఆలస్యంగా మోగినట్టనిపించింది. ఆలస్యం ఏమీ కాలేదు, నాలుగూ ఇరవయ్యే. నేనే మూడింటి నుంచి కూర్చున్నాను.

"నీళ్ళు మోకాళ్ళకొచ్చినాయి. చలి. నువ్వు చెప్పినావని ఈడే నిలబడుండా. ఆటో ఆయన ఎప్పుడో పాయె. ఎవురూ లేరు."

తర్వాత ఇంకొకటి, వెంటనే.

"ఎవురో ఒకాయన అవతల గట్టు మీద నిలబడుండాడు. నీ మాదిరే ఉండాడు. నువ్వేనా?"

'కాదు' అని కొట్టాను. 'నేను ఇంట్లో ఉండా. రేపు తప్పకుండా వస్తా. లోకా, దేవుడి తోడు.'

జవాబు లేదు. సున్న.

ఆ వాసన ఇంక కిటికీ దగ్గర లేదు. నా చొక్కాలో ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాను. నిజంగానే బయల్దేరాను. తడ దాకా బస్సు, అక్కడి నుంచి మునెయ్యని బతిమాలుకుని, కాళ్ళు పట్టుకోవాల్సి వస్తే పట్టుకుని, వంక దాకా. ఆమె కోసం ఏదైనా తీసుకుపోదామనుకున్నాను. క్యారియర్ గుర్తొచ్చింది. నిరుడు ఆ రోజు నేను మరిచిపోయిన క్యారియర్. కడిగి, వెనక గదిలో అలమర మీద పెట్టాను, ఏడాదిగా తాకలేదు. అందులో ఇంత పెరుగన్నం కలిపి తీసుకుపోదామని చెయ్యి పెట్టాను.

క్యారియర్ లేదు.

అలమర మీద దుమ్ము ఉంది. దుమ్ములో క్యారియర్ అంత గుండ్రం, శుభ్రంగా, తడిగా.

ఇల్లంతా వెతికాను. వెతకడానికి ఇల్లెంత గనక? ఆ వెతుకులాటలోనే నాలుగు దాటిపోయింది. పెరుగన్నం లేకపోతే పోయింది, ముందు నేను పోవాలి అని ఫోను జేబులో వేసుకుని గబగబా మెట్లు దిగాను. ధనంజయ అంగడి గుమ్మంలో బీడీ తాగుతూ వాన చూస్తున్నాడు. నన్ను చూసి బీడీ నోట్లోంచి తీశాడు.

"ఏమప్పా, ఇందాకే పోతివి గదా? మళ్ళీ పైనుంచి దిగతాండావు?"

"యాడికి పోయినాను?"

"నన్నడిగితే? క్యారియర్ చేతబట్టుకోని, ఈ వానలో గొడుగన్నా లేకుండా. పిలిస్తే తిరిగి జూడకపోతివి. కాళ్ళకు చెప్పులు గూడా లేవు. పాపం, మనిషి ఇంకా తేరుకోలేదులే అనుకున్నా." నా పాదాలు చూశాడు. చెప్పులున్నాయి. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎప్పుడు?"

"మూడైంటాది."

మెట్లు ఎట్లా ఎక్కానో తెలీదు. ల్యాప్‌టాప్ తెరిచాను.

నాలుగూ పంతొమ్మిది.

ఇప్పుడు సైటులో ఉన్నవాళ్ళు: రెండు.

ఇద్దరిదీ తడే. ఒకటి లోకేశ్వరి ఫోను. రెండోది...

రెండోది నా ఫోను. నా రకం, నా కంపెనీ, అక్షరం తేడా లేదు. జేబులోంచి నా ఫోను తీసి చూశాను. ఆపేసి ఉంది. నేను ఆపలేదు.

నాలుగూ ఇరవై. గంట.

"నువ్వొచ్చినావు. నాకు తెలుసు వస్తావని. క్యారియర్ గూడా తెచ్చినావు. చెయ్యి పట్టుకోమంటాండావు, దాటుదామంటాండావు. నీ చెయ్యేంది ఇంత చల్లగా ఉండాది? దాటేదా?"

'లోకా, అది నేను గాదు' అని కొడుతున్నాను. 'వద్దు' అని కొడుతున్నాను. అక్షరాలు పడుతున్నాయి, ఒక్కొక్కటే, చాలా నెమ్మదిగా. పంపే చోటికి వేలు పోతోంది...

నేను పంపకముందే, ఆమె ప్రశ్న కింద జవాబు పడింది.

సరేనండీ, అట్లే కానిద్దాం. — మునిచంద్ర.